ఈడ ఎవరూ లేరు మేడం

ఒక వీధిని ఖాళీ చేయించాలంటే మునిసిపాలిటీకి లారీ కావాలి, మనుషులు కావాలి, కట్టెలు కావాలి, ఒక్కోసారి పోలీసులు కూడా కావాలి. నాకు రెండు వేళ్ళు చాలు. ఆ రెండు వేళ్ళతో మా వీధిని ఎట్లా ఖాళీ చేశానో, అది మళ్ళీ నిండకుండా పైన బొటనవేలు కూడా ఎట్లా వేశానో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. నవ్వాల్సిన పనే చేశాను. నడుమ ఎక్కడైనా నవ్వు ఆగిపోతే నన్ను తిట్టుకోవద్దు. అది జరిగినదాంట్లోనే ఉంది.

నా పేరు ఈరన్న. మాది కోసిగి దిక్కు. వాన మమ్మల్ని బొత్తిగా మరిచిపోయిన ఒక సంవత్సరం ఊరు ఊరంతా మూటలు కట్టుకుని బెంగుళూరు పోయింది. నేనొక్కణ్ణే తెలివిగలవాణ్ణి కదా, అంత దూరం ఎవడు పోతాడని మంత్రాలయం బస్సులు ఆగే ఒక టౌన్లో దిగిపోయాను. టౌను పేరు చెప్పను. చెబితే అక్కడి ఆఫీసువాళ్ళకు చెడ్డపేరు వస్తుంది, తప్పేమో నాది.

ఆ టౌన్లో పాత బస్టాండు ఎదుట ఫుట్‌పాత్ మీద ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మేవాణ్ణి. మా దిక్కు వాటిని బుడ్డలంటాం. నాకు ఎడమపక్క మాబు. దువ్వెనలు, అద్దాలు, పిన్నులు ఒక దుప్పటి మీద పరుచుకుని కూర్చునేవాడు. కుడిపక్క సుందరమ్మక్క. జొన్నరొట్టెలు చేసేది. నందికొట్కూరు పక్క పల్లె నుంచి వచ్చిన మనిషి, భర్త పోయాడు, చర్చికి పోయే కుటుంబం. ఆమె రొట్టె తడుతుంటే ఆ చప్పుడుకే బస్సు దిగినవాళ్ళకు ఆకలి పుట్టేది. కడుపునిండా తిని బస్సెక్కినవాడు కూడా ఆ చప్పుడు విని, తాను నిజంగా తిన్నాడా లేదా అని అనుమానపడేవాడు.

సుందరమ్మక్కకు ఎడమ మోకాలు బాగుండేది కాదు. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. అందుకని ఆమెకు ఒకే ఒక్క కోరిక ఉండేది. పిండి కలుపుతూ రోజూ చెప్పేది.

"ఒక్క దినమన్నా పొద్దున కూర్చుంటే మాపటి దాకా ఎవురూ లేపకుండా కూర్చోవాలప్పా. అంతే. ఇంగేమీ అడగను దేవుణ్ణి."

"అంతేనా అక్కా, మేడ అడగొచ్చు కదా."

"మేడ యాడ పెట్టుకోవాల, ఈ ఫుట్‌పాత్ మీదనా? గమ్మున బుడ్డలు అమ్ముకో."

ఆమె దేవుణ్ణి ఆ ఒక్కటే అడిగింది. దేవుడు ఒప్పుకున్నాడు కూడా. నడుమ నేనున్నాను.

అప్పట్లో ఎప్పుడు పడితే అప్పుడు లారీ వచ్చేది. దారికి అడ్డమని చెప్పి తక్కెళ్ళు, గంపలు, గొడుగులు చేతికందినవన్నీ ఎత్తి లారీలో పడేసేవాళ్ళు. అందుకని ఫుట్‌పాత్ మీద బతికేవాళ్ళకు ఒక కాపలావాడు ఉండాలి. మా వీధికి నేనే. మూలమలుపు కనబడే తావు నాది. పైగా నా ఈల మామూలు ఈల కాదు. చిన్నప్పుడు కోసిగిలో జొన్నచేను కాపలా కాస్తూ పిట్టల్ని తోలిన ఈల. రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఊదితే బస్టాండులో ఆగిన బస్సు కండక్టరు రైట్ చెప్పాడనుకుని కదిలేది. అక్కడ పిట్టల్ని తోలాను, ఇక్కడ మనుషుల్ని తోలాను. జొన్నలకు నాకు ఏదో పాతపగ ఉన్నట్టుంది.

నేను ఈల వేయగానే ఎవరి పని వాళ్ళకు తెలుసు. మాబు దుప్పటికి నాలుగు మూలలా తాళ్ళు కట్టి ఉండేవి. లాగితే దుకాణమంతా మూట. ఆ మూట భుజాన వేసుకుని, రెండో చేత్తో సుందరమ్మక్క పొయ్యి పట్టుకునేవాడు. ఆ ఇనుప పొయ్యికి బకెట్టుకు ఉన్నట్టు పిడి ఉండేది. నేను బుడ్డల గంప నెత్తిన పెట్టుకుని, తువ్వాలు చేతికి చుట్టుకుని, కాలుతున్న పెనం పట్టుకునేవాణ్ణి. సుందరమ్మక్క పిండిపళ్ళెం చంకన పెట్టుకుని, పీట చేత్తో పట్టుకుని, కుంటుకుంటూ మమ్మల్ని, మా వెనకటి తరాలను తిట్టుకుంటూ వచ్చేది. పక్కనున్న సందులోకి దూరేవాళ్ళం. పెనం మీది రొట్టె ఒకవైపు ఫుట్‌పాత్ మీద కాలితే, రెండోవైపు సందులో కాలేది. అంత చురుకు మాది.

ఇట్లా బతుకుతుండగా ఒక రోజు మైకు కట్టుకుని ఒక ఆటో వచ్చింది. ఏదో చెబుతూ మెల్లగా పోతున్నది. బుద్ధి ఉన్నవాడైతే ఆగి వింటాడు. నాకేమో ఆ మైకు నా గిరాకీకి అడ్డమొచ్చినట్టు అనిపించింది. నా గొంతు పెద్దదా దాని గొంతు పెద్దదా చూద్దామని "ఉడుకుడుకు బుడ్డలూ" అని అందుకున్నాను. మైకు పెంచారు. నేనూ పెంచాను. ఆటో మలుపు తిరిగే దాకా వదల్లేదు. గెలిచాను.

"ఏమో చెప్పుకుంటా పోయినారు, ఏమంట ఈరన్నా?" అని అడిగింది సుందరమ్మక్క.

"ఏముంటాదక్కా, కుళాయి పన్ను కట్టమంటాండారు. నీకు కుళాయి ఉండాదా?"

"లేదు."

"నాకూ లేదు. ఇంగేం, రొట్టె తిప్పు."

"కార్డు అన్నట్టు ఇనపడింది భాయ్," అన్నాడు మాబు.

"రేషన్ కార్డయ్యుంటాది. నువ్వు దువ్వెనలు అమ్ముకో."

అసలు సంగతి ఏమిటంటే, వీధుల్లో అమ్ముకునేవాళ్ళ కోసం చట్టమొకటి వచ్చిందట. ఆఫీసువాళ్ళే వచ్చి మమ్మల్ని లెక్కపెడతారట. ఎవరు ఏ తావులో కూర్చుంటారో ఫోటో తీసి, పేరు రాసుకుని, కార్డు ఇస్తారట. కార్డున్నవాణ్ణి ఊరికే లేపకూడదట. లెక్కకు ఎవరూ దొరకని వీధిని మాత్రం అమ్మకాలు లేని వీధి అని రాసేస్తారట. ఇదంతా ఆ మైకు చెప్పింది. బుడ్డల కేకలో ఎవరికీ వినపడలేదు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున మూలమలుపులో తెల్లజీపు కనబడింది. మునిసిపాలిటీ జీపు. నా వేళ్ళు వాటంతట అవే నోటి దగ్గరికి పోయాయి.

"ఉండప్పా," అంది సుందరమ్మక్క. "లారీ లేదు, కట్టెలు లేవు. ఎవురో ఆడబిడ్డ దిగుతాండాది. చూద్దాం ఉండు."

"అదే వాళ్ళ తెలివక్కా. ముందు జీపొస్తాది, ఎనక లారీ వస్తాది."

అదిగో లారీ అంటే ఇదిగో కట్టె అనే రకం నేను. వేశాను ఈల. నా బతుకులో అంత గొప్ప ఈల అంతకు ముందు వేయలేదు. మాబు తాళ్ళు లాగాడు. పొయ్యి లేచింది, పెనం లేచింది, పీట లేచింది. సుందరమ్మక్క మాత్రం లేవనంటే లేవనని మొండికేసింది. చేయి పట్టి నేనే లేపాను. ఇది గుర్తుపెట్టుకోండి. ఆ రోజు ఆమెను లేపింది మునిసిపాలిటీ కాదు.

అందరినీ సందులో దాచి, గంప కూడా అక్కడే దించి, ఏమీ ఎరగనట్టు నేనొక్కణ్ణే బయటికొచ్చాను. జీపు దిగినామె చిన్నవయసు మనిషి. చేతిలో పెద్ద ఫోను. వెంట టేపు పట్టుకున్న మనిషి ఒకడు.

"పెద్దాయనా, ఇక్కడ ఫుట్‌పాత్ మీద అమ్ముకునేవాళ్ళు ఉంటారని చెప్పారే. ఎవరూ లేరా?"

"ఈడ ఎవరూ లేరు మేడం."

"ఇప్పుడు లేరా, ఎప్పుడూ ఉండరా?"

"ఎప్పుడూ ఉండరు. ఈ ఫుట్‌పాత్ మీద కుక్క కూడా కూర్చోదు. శానా పద్ధతైన వీధి."

ఆమె గాలి పీల్చింది. "ఏదో మాడుతున్న వాసన వస్తున్నదే."

"అదా మేడం, ఆ ఇంట్లోకి కొత్తకోడలు వచ్చింది. ఇంగా రొట్టె చేయడం కుదరలేదు."

సందులోంచి దగ్గు వినపడింది. పొగకు సుందరమ్మక్క దగ్గుతున్నది.

"కోడలికి దగ్గు కూడానా?"

"అది అత్త మేడం. మాడింది తిని దగ్గుతాండాది."

ఆమె కిందికి చూసింది. "మరి ఈ బుడ్డల తొక్కలు?"

"బస్సు దిగినోళ్ళు పారేస్తారు. నేను రోజూ తిడతానే ఉంటా."

"మీరేం చేస్తారు?"

"నేనా? దోవన పోతాండా."

"ఇంతసేపటి నుంచి ఇక్కడే నిలబడి ఉన్నారు కదా."

"మెల్లగా పోతాండా మేడం."

ఆ బిడ్డ నవ్వుకుని, ఫుట్‌పాత్ కొలవమని మనిషికి చెప్పింది. అతనికి టేపు రెండో కొస పట్టుకునేవాళ్ళు లేరు. నేను పట్టుకున్నాను. ఎక్కడి దాకా పట్టుకున్నానంటే, సుందరమ్మక్క పీట వేసుకునే తావు మీద నిలబడి మరీ పట్టుకున్నాను. ఫోటో తీయబోతుంటే నా గోనెపట్ట ఒకటి అడ్డంగా కనబడింది. ఫోటో చెడిపోతుందని దాన్ని నేనే తీసి అవతల పారేశాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఫుట్‌పాత్ దొంగ పని ఇంకా సులువు, టేపు పట్టుకుంటే సరిపోతుంది.

తర్వాత ఆమె ఏదో రాసి, నాకు చదివి వినిపించింది. ఈ స్థలంలో వీధి వ్యాపారులు ఎవరూ లేరని స్థానికుడు ఒకరు తెలిపారు, అని.

"స్థానికుడంటే ఎవురు మేడం?"

"మీరే."

అక్కడ పడిపోయాను నేను. కోసిగి నుంచి వచ్చినప్పటి నుంచి "యాడి నుంచి వచ్చినావప్పా" అని అడిగినవాళ్ళే తప్ప, నన్ను ఈ ఊరివాడు అన్నవాళ్ళు లేరు. అద్దె ఇంటాయన అనలేదు, రేషన్ షాపతను అనలేదు. మొట్టమొదటిసారి ఒక ఆఫీసరమ్మ అన్నది. సంతకం చేస్తారా అంటే రాదన్నాను. ఇంకుడబ్బా తీసింది. బొటనవేలు అద్దాను. ఒకసారి చాలన్నా వినకుండా, సరిగ్గా పడలేదేమోనని, రెండోసారి గట్టిగా ఒత్తాను.

ఆమె జీపెక్కి కూర్చుని, "పాపం, ఎవరైనా ఉంటే బాగుండేది పెద్దాయనా. కార్డులిచ్చేవాళ్ళం. కార్డుంటే ఇంక వాళ్ళను లేపడానికి ఉండదు," అంది.

జీపు కదిలింది.

నా నోరు తెరుచుకునే ఉంది. ఉరికాను. "మేడం" అని పిలిస్తే జీపు శబ్దంలో వినపడదు. ఏం చేయాలి? నాకు వచ్చిన విద్య ఒక్కటే. రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాను. జీపు ఆగలేదు. సందులోంచి అప్పుడప్పుడే తలలు బయటపెడుతున్న మా వాళ్ళు మాత్రం, లారీ కూడా వచ్చిందనుకుని ఇంకా లోపలికి పరిగెత్తారు. నేను జీపు వెంట ఊదుతూ ముందుకు, వాళ్ళు ఆ ఊదుకు బెదిరి వెనక్కి. జీపు మలుపు తిరిగేసరికి మాబు రైల్వే స్టేషన్ దాకా పోయాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ రోజు మునిసిపాలిటీ వరమిచ్చింది, ఈరన్న ఇవ్వలేదు.

సందు చివర సుందరమ్మక్క పీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పిండిపళ్ళెం, పక్కన పెనం, పెనం మీద నల్లటి రొట్టె.

"పోయినారా?"

"పోయినారక్కా."

"ఏం ఎత్తుకపోయినారు?"

"ఏం ఎత్తుకపోలేదు. ఇయ్యడానికే వచ్చినారంట." ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వేలికి ఇంకు చూపించాను.

తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. తిట్టి ఉంటే ఆ రోజే అయిపోయేది. ఆమె రొట్టెను తిప్పి చూసి, మాడినది గోటితో గీకి, సగం తుంచి నాకిచ్చింది.

"ఒక పక్క బాగుండాది. తిను," అంది.

మరుసటి రోజు ఆఫీసుకు పోయాం. గుమాస్తా మంచివాడే, కూర్చోబెట్టి విన్నాడు.

"ఆ వీధిలో ఎవరూ లేరని అక్కడి పెద్దమనిషే వేలిముద్ర వేసి చెప్పాడు కదండీ."

"ఆ మనిషి మంచోడు కాదు సార్. ఆ నా కొడుకు మాట నమ్మొద్దండి."

"ఎవరతను?"

"నేనే సార్."

గుమాస్తా నావైపు చూశాడు, మాబు వైపు చూశాడు. సుందరమ్మక్క పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. రాసింది పైకి పోయిందని, మళ్ళీ లెక్కలు ఎప్పుడు తీస్తారో చెప్పలేమని గుమాస్తా చెప్పాడు. కొద్దిరోజులకే మా వెనక గోడకు ఒక బోర్డు కొట్టారు. ఇక్కడ అమ్మకాలు నిషేధం అని. నాకు చదవడం రాదు కదా, మేకు బాగుందని దానికి తువ్వాలు తగిలించాను.

ఇంతటితో అయిపోయిందనుకుంటున్నారు కదా. నన్ను తక్కువ అంచనా వేస్తున్నారు.

ఆ దెబ్బకు నేను ఇక ఈల వేయనని ఒట్టు పెట్టుకున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఇంకో రోజు మూలమలుపులో మళ్ళీ తెల్లజీపు కనబడింది. వీధి వీధంతా నా నోటివైపు చూసింది. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"ఎవురూ లేవొద్దండి," అన్నాను. "మళ్ళ లెక్క తీయడానికి వచ్చినారు. తలలు దువ్వుకోండి, ఫోటో తీస్తారు."

"జీపెనక ఏదో వస్తాండాది భాయ్," అన్నాడు మాబు.

"కార్డులు మోసుకొచ్చే బండి అయ్యుంటాది."

మాబు తన సరుకులోంచే అందరికీ తలా ఒక దువ్వెన ఇచ్చాడు. ఫుట్‌పాత్ పొడుగునా అందరం తలలు దువ్వుకున్నాం. సుందరమ్మక్క చెంగుతో మొహం తుడుచుకుంది, పమిట సర్దుకుంది, నడుము నిటారుగా పెట్టి కూర్చుంది.

"ఈసారి నువ్వు లేపినా లేచేదాన్ని కాదప్పా."

"లేవొద్దక్కా. నేనుండా కదా."

జీపు వెనక వచ్చింది లారీనే.

పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు వరసగా కూర్చున్న మమ్మల్ని చూసి ఆ మనుషులకే అనుమానం వచ్చింది, ఏమిటి వీళ్ళు పరిగెత్తరేమని. తర్వాత వాళ్ళ పని వాళ్ళు చేశారు. ఒకతను ఉత్తచేత్తో పెనం ఎత్తబోయి, చేయి కాలి, గోనెపట్ట వేసి పట్టుకున్నాడు. ఇంకొకతను పొయ్యి ఎత్తాడు. సుందరమ్మక్క లేవలేదు. తల మీద చేయి పెట్టి జుట్టు సరిచేసుకుంటూ అతన్ని అడిగింది.

"ఫోటో యాడ తీస్తారు నాయనా?"

అతను పొయ్యి పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. లారీవాళ్ళు కూడా ఎవరో ఒకరి బిడ్డలే.

సామెతలో మనుషులు పెనం మీది నుంచి పొయ్యిలో పడతారు. మాకు ఆ అదృష్టం కూడా లేదు. పెనమూ లారీలో పోయింది, పొయ్యీ లారీలో పోయింది. ఆమె తర్వాత కొత్త పెనం కొన్నది గానీ, దాని మీద రొట్టె అంటుకునేది. పాత పెనానికి ఆమె చేయి తెలుసు.

ఆ వీధిలో ఇక కూర్చోకూడదని, రైల్వేగేటు అవతల మాకు తావులు చూపించారు. గీతలు గీసి, అంకెలు వేసి, ఎవరి తావు వాళ్ళకు శుభ్రంగా ఉంది. కొన్నాళ్ళకు ఆ మేడమే అక్కడికి లెక్కకు వచ్చింది. నన్ను చూసి గుర్తుపట్టింది.

"మెల్లగా పోతున్నా అన్నారు కదా పెద్దాయనా. ఇంకా పోలేదా?"

"పోతా పోతా ఇప్పటికి ఈడికి చేరినా మేడం," అన్నాను.

ఆమె నవ్వలేదు. అందరికీ ఫోటోలు తీసింది. కార్డులు వచ్చాయి. సుందరమ్మక్క తన కార్డును చర్చికి తీసుకుపోయే సంచిలో పెట్టుకుంది. తన పేరుతో ఒక తావు ఉండడం ఆమెకు అదే మొదలు.

ఇక అక్కడ ఏం జరిగిందంటే, ఏమీ జరగలేదు. బస్సు ఆ దిక్కు రాదు. నడిచేవాడు గేటు దాటడు. మమ్మల్ని ఎవరూ లేపకూడదని కార్డు మీద ఉంది. అక్కడ లేపడానికి కూడా ఎవరూ రాలేదు. సుందరమ్మక్క కోరిన కోరిక అక్షరాలా తీరింది. పొద్దున కూర్చుంటే మాపటి దాకా కూర్చునే ఉండేది. తట్టిన రొట్టెలు గట్టిపడిపోయేవి. వాటిని మేమే తినేవాళ్ళం.

"దేవుడు నా మాట సగమే ఇన్నట్టుండాడు ఈరన్నా," అనేది. "గిరాకీ సంగతి నేను చెప్పల్యా. ఆయనకు తెలుసులే అనుకున్నా."

నాకు చదువొచ్చింది అక్కడే. ఆమెకు చిన్నప్పుడు చర్చి బడిలో చదువు నేర్పారు. ఒక రోజు నా వైపు చూసి, "ఊరికే కూర్చునే బదులు నాలుగు అక్షరాలు నేర్చుకోరాదా? రేపు ఇంగెవురన్నా వేలిముద్ర అడిగితే ముందు చదువుకుందువు," అంది. పళ్ళెంలో జొన్నపిండి పలచగా పరిచి దాని మీద వేలితో అ రాసింది. నన్ను దిద్దమంది. నేను దిద్దితే చూసి, "ఇది అ కాదప్పా, పడుకున్న పంది," అని చెరిపి మళ్ళీ రాయించింది. పాఠం అయ్యాక ఆ పిండే కలిపి రొట్టె చేసేది. నా తలకట్లు, దీర్ఘాలు ఎంతమంది కడుపులోకి పోయాయో చెప్పలేను. ఎక్కువ మాబు కడుపులోకే పోయాయి. గిరాకీ ఉండి ఉంటే నాకు ఈ చదువు వచ్చేది కాదు. అందుకని దీన్ని ఎవరి ముందూ గొప్పగా చెప్పుకోను.

ఒక మధ్యాహ్నం రోడ్డు మీద మనిషి లేడు, మేక లేదు. మాబు దుప్పటి మీదే పడుకున్నాడు. సుందరమ్మక్క నన్ను పిలిచింది.

"ఈరన్నా, ఒక్కసారి ఈల కొట్టు."

"ఎందుకక్కా?"

"ఊరికే. లేచి ఉరికి శానా దినాలైంది. కాళ్ళు తిమ్మిరెక్కినాయి."

"ఒట్టు పెట్టుకున్నా కదక్కా."

"అవునవును. ఒట్టు తప్పే మనిషివి కాదులే నువ్వు. ఆ మైకయినా మాట తప్పుతాదేమో గానీ." కాసేపు పిండి కలిపింది. తర్వాత అంది, "మా చర్చి అయ్యగారు చెప్తాడు, కడాపట దినాన బూర ఊదుతారంట. సమాధుల్లో ఉండేటోళ్ళంతా లేస్తారంట."

"మంచిదే కదా."

"మంచిదే. కానీ నేను పోయినాక నువ్వు నా తావు కాడికొచ్చి ఈల కొట్టొద్దప్పా. బూర అనుకోని లేస్తాను. ఈ మోకాలితో లేచినాక మళ్ళ కూర్చోలేను."

మాబు పడుకున్నచోటే నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె నవ్వకుండా రొట్టె తట్టింది. ఆ ఒక్క ఈల వేసి ఉండాల్సింది. ఒట్టుది ఏముంది, ఒకసారి తప్పితే అరిగిపోతుందా? ఆ మధ్యాహ్నం ఆమె అడిగిందల్లా కాసింత గాలి.

ఆ ఎండాకాలం ఆమె దాటలేదు. జ్వరమని ఇంట్లో పడుకుంది, మళ్ళీ తావుకు రాలేదు. చర్చివాళ్ళ నేలలో గుంత తవ్వుతుంటే గడ్డపార దిగలేదు, మా నేల అట్లాంటిది. మాబు, నేను కూడా చేయి వేశాం. పాత వీధి వాళ్ళంతా వచ్చారు. అయ్యగారు ప్రార్థన చెబుతుంటే మేమంతా వరసగా నేల మీద కూర్చున్నాం. అప్పుడు బయట రోడ్డు మీద ఏదో లారీ పోతూ హారన్ కొట్టింది. ఒక్కసారిగా మేమంతా సగం లేచాం. మాబు చేయి, అక్కడ లేని దుప్పటి తాళ్ళ కోసం వెతికింది. నేను నెత్తి తడుముకున్నాను, గంప కోసం.

సుందరమ్మక్క ఒక్కతే కదల్లేదు.

ఇప్పుడు అక్కడ ఆమె పేరు రాసిన సిలువ ఉంది. కూడబలుక్కుని చదివాను. సు, పక్కన సున్నా, ద, ర, కింద ఒత్తు పెట్టుకున్న మ. సున్నాను ఆమె నేర్పినట్టే గుండ్రంగా రాశారు. బతికినన్నాళ్ళూ దొరకని తావు ఆమెకు అక్కడ దొరికింది. దారికి అడ్డం కాదు, లెక్కలో ఉంది, ఎవరూ లేపరు.

కాబట్టి ఈ కాగితం చదివే అందరి ముందు, కుడిచేతిలో పలక లేదు గనుక జొన్నపిండి పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఈ రెండు వేళ్ళు ఇక అన్నం కలపడానికి, అక్షరం దిద్దడానికి తప్ప నోట్లోకి పోవు. జొన్నచేలో ఊరి పిట్టలన్నీ దిగినా సరే, తినిపోనీ. ఆ చర్చి గోడ పక్కన పోయేటప్పుడు ఆవులింత వచ్చినా అరచేయి అడ్డం పెట్టుకుంటాను, వేళ్ళను నమ్మలేను.

ఇంకొకటి కూడా. ఆ కడాపట బూర ఊదేవాళ్ళు వచ్చి, "పెద్దాయనా, ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే, ఈసారి దోవన పోతున్నానని చెప్పను. చేతులు కట్టుకుని నిలబడి ఉన్నదే చెబుతాను.

"ఉండాది సామీ. సుందరమ్మక్క. రొట్టెలు చేస్తాది. పేరు రాసుకోండి. మెల్లగా లేపండి, ఆమెకు మోకాలు బాగల్యా."